పటం వెనక ఫోను

హిందూపురంలో పట్టునూలు కొనే కంపెనీ గోడౌనులో రామాంజినేయులు పంతొమ్మిదేళ్ళు చీటీలు రాశాడు. నూలు మూట కాటా ఎక్కగానే బరువు, తేదీ, తెచ్చినవాడి పేరు అట్టముక్క మీద రాసి మూటకు కట్టడం ఆయన ఉద్యోగం. ఆయన రాసిన 'ర' ఒక్కటి చూసి మూట ఎక్కడిదో ధర్మవరం హెడ్డాఫీసులో చెప్పేస్తారని ప్రతీతి. ఆ ప్రతీతిని ప్రచారం చేసింది ఆయనే అయినా, కాదన్నవాళ్ళు లేరు. ఇంత చరిత్ర ఉన్నా ఆయన పేరు పర్మినెంటు లిస్టుకెక్కలేదు. ఏటేటా కాంట్రాక్టు కాగితం మీద సంతకం పెడుతూ, పెనుకొండలో పొద్దున రైలెక్కి వచ్చి సాయంత్రం రైలెక్కి పోతూ, యాభై రెండో ఏట పడ్డాడు.

ఆ ఏడు కంపెనీ చీటీలను రద్దు చేసింది. వాటి స్థానంలో మూడు మిషన్లు వచ్చాయి. కాటా బరువు చూసి ట్యాబుకు చెప్పాలి, ట్యాబు ప్రింటరుకు చెప్పాలి, ప్రింటరు లేబుల్ కక్కాలి. దేనికీ వైరు లేదు. మేనేజరు జయరాజు వీటిని రామాంజినేయులుకు అప్పగిస్తూ 'వైర్‌లెస్ ఇన్‌ఛార్జి' అనే బిరుదు ప్రదానం చేశాడు. శాలువా లేదు గానీ, హెచ్చరిక ఉంది.

"శనివారం కల్పన మేడం ధర్మవరం నుంచి వస్తాండారప్పా. ఆమె ముందర లేబుల్ వస్తే నీ కాంట్రాక్టు ఇంకో ఏడు. రాకపోతే నా చేతుల్లో ఏం లేదు."

ఆఫీసులో వైఫైలు రెండు. ఒకటి ఎంప్లాయీ నంబరున్నవాళ్ళది, రెండోది గెస్టుది. రామాంజినేయులుకు నంబరు లేదు కనుక ఆయన పేర రాసిన మిషన్లకూ లేదు. మూడూ గెస్టులో చేరాయి. మూడింటిలోనూ సిగ్నల్ గీతలు నిండుగా నిలబడ్డాయి. ఒకదానితో ఒకటి మాత్రం పలకలేదు.

పరాయి ఊరి పెళ్ళిలో పక్క విస్తరి మనిషిని "ఏ ఊరప్పా మీది?" అని అడగకుండా సాంబారు కలుపుకున్నవాడు కాదు రామాంజినేయులు. ఒకే కప్పు కింద ఉంటూ ఇవి ఇంత బిగుసుకుపోవడం ఆయనకు మింగుడుపడలేదు. దూరం వల్లనేమోనని మూడింటినీ ఒకే బల్ల మీదికి చేర్చాడు. తగువుపడ్డ అన్నదమ్ముల్ని పంచాయితీలో కూర్చోబెట్టినట్టు ప్రింటరు మొహం కాటా వైపు తిప్పాడు. మంగళవారం బ్యాటరీలు మార్చాడు. బుధవారం నిమ్మకాయ కోశాడు. ప్రింటరు పెనుకొండ పార్కులో పడుకున్న కుంభకర్ణుడి విగ్రహంలా అలాగే పడుకుంది.

ఆ సాయంత్రం హెడ్డాఫీసు నెట్‌వర్కు చూసే అనిల్ కుమార్ ఫోనులో దొరికాడు.

"గెస్టులో అంతేనన్నా. ఎవురికి వాళ్ళు ఇంటర్నెట్టుకు పోవచ్చు. ఒకరినొకరు చూసుకోకూడదు. సెక్యూరిటీ కోసం మేమే అడ్డం పెట్టినాము."

"మూడూ మన మిషన్లే గదప్పా!"

"ఆ సంగతి నెట్‌వర్కుకు తెల్దు గదన్నా. నంబరుండే వాళ్ళ పేరుతో ఫారం పంపించు, స్టాఫ్ వైఫైలో చేరుస్తా."

గోడౌనులో నంబరున్న మనిషి జయరాజు ఒక్కడే. ఆయన ఫారం చూసి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నా పేరు మీదనా? రేపు ఏమన్నా అయితే నా నంబరుకొస్తాది. శానా కష్టపడి తెచ్చుకున్న్యా అప్పా దాన్ని."

ఆరేళ్ళ కిందట జయరాజు కొత్తగా వచ్చినప్పుడు గోడౌను తాళం ఎటు తిప్పాలో చూపించింది రామాంజినేయులే. ఆ సంగతి ఇద్దరికీ గుర్తుంది కాబట్టి ఇద్దరూ ఎత్తలేదు.

గురువారం ఇంట్లో సంగటి ముద్ద ముందు కూర్చుని కథంతా చెప్పాడు. భార్య హనుమక్క విని, వరండాలో ల్యాప్‌టాప్ ముందున్న కూతురు శ్రుతి వైపు చూసింది.

"పాప దినామూ నీ ఫోన్లో నెట్టే గదా లాగుతాండాది. దానికి అడగని నంబరు మీ కాటాకెందుకయ్యా?"

రామాంజినేయులు నోటి దాకా పోయిన ముద్దను తిరిగి కంచంలో పెట్టేశాడు. తర్వాత నీరసంగా అన్నాడు. "గోడౌన్లోకి సొంత ఫోన్లు తేకూడదే. గేటు కాడ బుట్టలో ఎయ్యాల."

"పాప పాత ఫోను చచ్చి పడుండాది గదా, దాన్ని బుట్టలో ఎయ్యి. నీది ఆడుండే ఆంజనేయస్వామి పటం ఎనక పెట్టు. ఆయప్ప ఏమన్నా పోయి హెడ్డాఫీసుకు చెప్తాడా?"

శుక్రవారం అందరూ భోజనాలకు వెళ్ళాక, మిషన్లను గెస్టులోంచి తప్పించి తన ఫోను హాట్‌స్పాట్‌కు కలిపి, తన టిఫిన్ క్యారియరును కాటా మీద పెట్టాడు. కాటా ట్యాబుకు చెప్పింది. ట్యాబు ప్రింటరుకు చెప్పింది. లేబుల్ వచ్చింది: ఒక కిలో రెండొందల నలభై గ్రాములు. దాన్ని మడిచి చొక్కా జేబులో దాచుకున్నాడు.

శనివారం కల్పన మేడం వచ్చింది. మూట తర్వాత మూట ఎక్కింది, లేబుల్ తర్వాత లేబుల్ వచ్చింది. జయరాజు పరవశించి స్వామి పటానికి దండం పెట్టాడు. ఆ క్షణంలో ఆ దండం ఎంత సరైన చోటికి చేరిందో రామాంజినేయులుకు ఒక్కడికే తెలుసు.

"ఇదంతా గెస్ట్ నెట్‌వర్కులోనేనా?" అంది మేడం.

"గెస్టే మేడం, గెస్టే!" అన్నాడు జయరాజు. రామాంజినేయులు నోరు తెరిచాడు. మేనేజరు మాట అప్పటికే మేడం డైరీలోకి ఎక్కుతోంది. నోరు మూసుకున్నాడు.

నాలుగు గంటలకు మేడం రిపోర్టు రాసి వెళ్ళిపోయింది. జయరాజు దాన్ని చదివి వినిపించడానికి మళ్ళీ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. మిషన్లు గెస్టు నెట్‌వర్కులో వాటంతటవే భేషుగ్గా పనిచేస్తున్నాయి. ప్రత్యేకంగా ఇన్‌ఛార్జి అక్కర్లేదు. మూటలెత్తేవాళ్ళే బటన్ నొక్కగలరు.

"నేనేం చెప్పేదప్పా," అన్నాడు జయరాజు, "నువ్వు శానా బాగా చేసినావు. అదే తంటా తెచ్చింది."

నిజం చెబితే దొంగతనంగా ఫోను తెచ్చినవాడవుతాడు, మేనేజరు అబద్ధాలకోరవుతాడు. చెప్పకపోతే ఇంటికి. రెండు దారులూ ఒకే గేటులోంచి బయటికి పోయేవే. అందరూ కదిలాక మిషన్లను తిరిగి గెస్టులోకి మార్చి, పటం వెనక చెయ్యి పెట్టాడు. ఫోను జ్వరమొచ్చిన పిల్ల ఒళ్ళులా కాలుతోంది. దానికంటుకున్న బంతిరేకులు దులిపి జేబులో వేసుకుని స్టేషనుకు నడిచాడు.

సోమవారం పొద్దున రైలు వేళకే మెలకువ వచ్చింది. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎక్కడికీ పోయేది లేదని గుర్తొచ్చి గడప మీద కూర్చున్నాడు. హనుమక్క చేటలో బియ్యం చెరుగుతూ ఆ చొక్కాను చూసింది. పది గంటలకు ఫోను మోగింది.

"ఏమప్పా రామాంజినేయులు," అన్నాడు జయరాజు. గొంతు కిందికి దిగింది. "మిషన్లు మళ్ళా మాట్లాడ్తా లేవు. గీతలు నిండుగానే ఉండాయి. ఆరు మూటలు నిలబడిపోయినాయి, తెచ్చినోళ్ళు అరుస్తాండారు. శనివారం నువ్వు ఏం చేసినావు?"

రామాంజినేయులు వీధి చివర దాకా చూశాడు.

"చెప్తా సార్. ఎవురి పేరు మీద చెప్పాల? లిస్టులో నాది లేదు గదా. మీరు ఆ ఫారం మీద మీ నంబరు రాస్తారా?"

అవతల ఆరుగురి కేకలు వినిపిస్తున్నాయి. జయరాజు ఊపిరి కూడా వినిపిస్తోంది.

"ఎవురయ్యా?" అంది హనుమక్క.

"ఆఫీసు."

"ఏమంటాండారు?"

ఫోను చెవి నుంచి తీసి చూశాడు. సిగ్నల్ నిండుగా ఉంది.

"ఇంగా ఏమీ అనలేదు," అన్నాడు రామాంజినేయులు, ఫోను మళ్ళీ చెవికి ఆనించుకుంటూ.