కళావతి టీచర్ అట్టముక్కలు

మట్టెవాడలో మా బడికి బదిలీ అయి వచ్చినప్పటి నుంచి కళావతి టీచర్ కంటపడిన అట్టపెట్టె బతికి బట్ట కట్టలేదు. చీరల డబ్బా, చెప్పుల డబ్బా, ఆఖరికి మా ఇంటి మిక్సీ డబ్బా కూడా ఆమె కత్తెరకు బలైపోయింది. అన్నిటినీ గుండ్రంగా కత్తిరించి, సగాలు, పావులు, అరపావులు చేసి ఐదో తరగతి పిల్లల ముందు కుప్ప పోస్తుంది. చేత్తో పట్టుకుంటే తప్ప భిన్నాల కూడిక తలకెక్కదని ఆమె నమ్మకం. పక్క గదిలో తెలుగు చెప్పుకునే నాకు ఆ గోలతో తల వాచిపోయేది.

హెడ్‌మాస్టర్ రాజేశ్వర్ రావు సారుకు ఇదంతా పిల్లలాట. "మేడం, సోమవారం ఎంఈవో సార్ వస్తాండ్రు. పిల్లలు సక్కగ చెప్తే సరి. లేకుంటే ఈ చెత్తంత బయట పారేపిస్త. ఇగ బోర్డు మీదనే చెప్పాలె" అని తేల్చేశారు.

కళావతి ముఖం వాడిపోయింది. బోర్డు మీద చెప్పినన్నాళ్లూ రమ్య అనే పిల్లకు లెక్కల పీరియడ్ రాగానే కడుపునొప్పి వచ్చేది. ముక్కలు వచ్చాక ఆ నొప్పి ఏ దవాఖానకూ పోకుండానే తగ్గింది. కథ మళ్లీ మొదటికొస్తుందని ఆమె భయం.

పాత ముక్కలు నలిగిపోయాయని, పిల్లల్ని ఇంటి దగ్గర కొత్తవి చేసుకు రమ్మంది. రమ్య తాత పండరికి బట్టల కొట్టుంది. మనవరాలి పని ఆయనే మీదేసుకుని కత్తిరించి పంపాడు.

సోమవారం నేనూ వచ్చి తరగతి వెనక నిలబడ్డాను. ఎంఈవో సారు వచ్చి సరిగ్గా రమ్యనే లేపారు. "సగం, పావు, అరపావు కలిపితే ఎంత బిడ్డా?"

టీచర్ బల్ల మీద గీసిన గుండ్రంలో రమ్య మూడు ముక్కలూ పేర్చింది. అరపావు ఖాళీ మిగలాల్సిన చోట వేలు పట్టే సందు కూడా లేదు. కళావతి కంగారుగా ముక్కల మీదికి వంగింది. హెడ్‌మాస్టర్ మాత్రం వెలిగిపోతూ, "నిండింది సార్! ఒకటి!" అన్నారు.

"కాదు సార్. ఎనిమిదింట్ల ఏడు" అంది రమ్య.

"కండ్ల ముందట నిండి కనవడ్తాంది గద పిల్లా!" అని ఆయన పళ్లు కొరికారు.

"అది కొసరు సార్. గిరాకికి బట్ట చింపితె మా తాత నాలుగు వేళ్లు ఎక్కువనే చింపుతడు. గీ ముక్కలు గూడ గట్లనే కోసిండు. కొసరుకు లెక్క గట్టద్దు. సగంల నాలుగు అరపావులు, పావుల రెండు, ఇదొకటి. ఇంకో అరపావు పెడ్తెనే ఒకటైతది."

ఎంఈవో సారు పగలబడి నవ్వారు. "మరి సరిగ్గ కొయ్యమని తాతకు చెప్పలేదా?"

"చెప్పిన సార్. ఉత్త కొలతకు కోస్తె వచ్చినోడు మళ్ల రాడన్నడు."

"నేనైతే మళ్ల వస్త బిడ్డా" అని ఆయన హెడ్‌మాస్టర్ వైపు తిరిగారు. "ఈ ముక్కలు జర పైలంగ ఉంచుండ్రి సార్."

కళావతి కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ పిల్లను ఎత్తుకుని బజారంతా తిప్పాలనిపించింది నాకు.

ఎంఈవో సారు బండి గేటు దాటింది. రాజేశ్వర్ రావు సారు వెనక్కి వచ్చి, తరగతి తలుపు దగ్గరగా వేసి, పిల్లల బెంచీ మీద ఇరుక్కుని కూర్చున్నారు.

"రమ్యా, ఏడు ఎట్లొచ్చిందో ఇంకోసారి చెప్పు బిడ్డా. జర మెల్లగ."