నట్టు మీద గోళ్ళరంగు

నాకు అనుమానం ఎక్కువ. పాలవాడు నవ్వుతూ పోస్తే నీళ్ళు కలిపాడంటాను, మొహం ముడుచుకుని పోస్తే కలపడం కుదరలేదంటాను. మా ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఆఫీసు పని చేస్తాడు. "నిన్ను టికెట్ కలెక్టర్‌గ పెడితే రైళ్ళన్నీ ఖాళీగ పోతయ్" అంటాడు. అననీ. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, పట్టడానికి నాలాంటిది ఒకతి ఉండాలి కదా.

నేరేడ్‌మెట్‌లో మా మామగారికి ఒకప్పుడు పొలాలుండేవి. అవి కాలనీలైపోయాయి. మాకు మిగిలింది ఒకే వాకిలికి ఎదురుబొదురుగా రెండిళ్ళు, పక్కన రేకుల షెడ్డు, షెడ్డులో మామగారి ట్రాక్టరు. ఒక ఇంట్లో మేము, ఎదురింట్లో మా మరిది, తోటికోడలు. వెనక జాగాలో నేను మొక్కల నర్సరీ నడుపుతాను. ట్రాక్టరు తోలేది కూడా నేనే. తోలడం మామగారే నేర్పారు. ఆయన పోయినా బండి ఆగలేదు. ఎర్రమట్టి, పశువుల ఎరువు వేసుకుని మల్కాజ్‌గిరి అపార్ట్‌మెంట్ల దాకా పోయి వస్తాను.

సాయంత్రం నేను తిరిగొచ్చేసరికి తోటికోడలు రెండు గ్లాసుల్లో చాయ్ పట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉండేది. నాకు అక్కాచెల్లెళ్ళు లేరు. ఆ చాయ్ తాగుతూ ఆమెతో చెప్పుకున్నన్ని కష్టాలు నేను మా ఆయనకు కూడా చెప్పుకోలేదు. అలాంటి వాకిలి మధ్యలో అడ్డంగా గోడ కట్టించడానికి మేస్త్రీని మాట్లాడింది నేనే. దానికి కారణం ఆ ట్రాక్టరు.

ఎండాకాలం మొదట్లో ఒకరోజు పొద్దున తాళం తిప్పితే సెల్ఫ్ స్టార్టరు 'టక్' మని ఊరుకుంది. మళ్ళీ తిప్పాను. ఆ టక్ కూడా లేదు. తాళాన్ని అటూ ఇటూ ఆడించి తిప్పితే చివరికి పట్టుకుంది. ఎదురింటి గడపలో పళ్ళు తోముకుంటున్న మరిది చూస్తూనే ఉన్నాడు.

"ఇంకెన్నొద్దులు లాగుతవ్ వదినా దాన్ని? తుక్కుకిచ్చేస్తే షెడ్డు జాగల రెండు రూములు ఎయ్యొచ్చు" అన్నాడు.

అంతే, నా బుర్రలో సెల్ఫ్ ఒక్క తిప్పుకే పట్టుకుంది. దిగి బ్యాటరీ చూశాను. తీగ బిగించే నట్టు కాస్త వదులుగా ఉంది. బండి కుదుపులకు ఆ నట్టు వదులవుతుందని మామగారు చెబుతూనే ఉండేవారు. ఆ మాట ఆ పూట నాకు గుర్తు రాలేదు. షెడ్డు ఎవరికి కావాలో వాళ్ళ చెయ్యే నట్టు మీద పడిందని తేల్చేసుకున్నాను. వాకిట్లో నిలబడి ఎదురింటికి వినబడేలా అరిచాను.

"గీ షెడ్డుల మీ ఇంటోళ్ళు ఎవ్వరు కాలు పెట్టొద్దు, చెప్తున్న!"

మరిది నవ్వి లోపలికి పోయాడు. తోటికోడలు గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ సాయంత్రం మెట్ల మీద చాయ్ లేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే అనుకున్నాను.

నట్టు గట్టిగా బిగించి, దాని మీది నుంచి తీగ మీదికి ఎర్రటి గోళ్ళరంగుతో ఒక గీత గీశాను. ఎవరైనా నట్టు తిప్పితే గీత తెగుతుంది. రోజూ పొద్దున పోయి చూసేదాన్ని. గీత చెక్కుచెదరలేదు. కానీ బండి మాత్రం మునుపటికన్నా ఎక్కువ మొండికేసింది. వేరే మనిషైతే, నట్టునెవరూ ముట్టలేదు, రోగం ఇంకెక్కడో ఉందని అనుకునేవాడు. నేను మాత్రం, అమ్మో ఎంత తెలివైనవాడు, గీతకు గీత కలిపి మరీ బిగిస్తున్నాడు అనుకున్నాను. మెకానిక్‌ను పిలవమన్నాడు మా ఆయన. ఎవర్ని పిలవను? మరిదిది ఫోన్ల షాపు. చుట్టుపక్కల మెకానిక్కులందరూ ఆ షాపులో కూర్చుని కబుర్లు చెప్పేవాళ్ళే.

"అనుమానం పెనుభూతమే" అన్నాడు మా ఆయన.

"భూతమో గీతమో, నేనే పట్టుకుంట" అన్నాను.

ఒక శుక్రవారం పొద్దుగూకే వేళ ట్రాక్టరు చుట్టూ ముగ్గుపిండి పలచగా చల్లాను. శనివారం తెల్లారి చూస్తే అడుగులు పడి ఉన్నాయి. తలుపు దగ్గర్నుంచి తాళం వైపుకు వచ్చి, కాసేపు అక్కడే నిలబడి, తిరిగి పోయిన అడుగులు. మరిదివి కావు. చిన్న పాదాలు, వేలి దగ్గర మెట్టె అచ్చు కూడా పడింది. ఆ పాదాలు నాకు తెలుసు. ఎన్ని సాయంత్రాలు పక్కపక్కన కాళ్ళు చాపుకుని కూర్చున్నాం!

మరిదైతే కోపమొచ్చేది. ఆమేనని తెలిసేసరికి ఏడుపొచ్చింది. పోయి అడగొచ్చు. అడిగితే అబద్ధం చెబుతుందేమో, ఆమె నోట అబద్ధం వినడం నా వల్ల కాదనిపించింది. అడుగుల్ని చీపురుతో ఊడ్చేసి, మేస్త్రీకి ఫోన్ చేశాను. వాకిలి ఇద్దరిదీ కదా, తమ్ముణ్ణి అడగాలన్నాడు మా ఆయన. అడిగాడు. "వదినకు మాతోని గంత తక్లీఫ్ ఉంటే కట్టుకోనియ్ అన్నా" అన్నాడట మరిది. ఎంత తొందరగా ఒప్పుకున్నాడో చూడండి! నా అనుమానానికి అదొక సాక్ష్యం.

సోమవారం పొద్దున్నే, మేస్త్రీ వచ్చే లోపల ఇసుక తెచ్చి పొయ్యాలని బండెక్కాను. గోడకు ఇసుక తెచ్చేది కూడా ఆ ట్రాక్టరే. తాళం తిప్పాను. చప్పుడే లేదు.

గోడ ఖాయమైపోయింది. ఇక ఎవర్నీ అనుమానించే పని లేదు. అందుకని మొదటిసారి బండిని బండిలా చూశాను. మామగారు చేసిపెట్టిన చిన్న బల్బు ఉంది, దానికి రెండు తీగలు. ఒక తీగను ఇంజను ఇనుముకు తగిలించి, రెండోది బ్యాటరీకి ఆనిస్తే బల్బు భగ్గున వెలిగింది. అంటే బ్యాటరీ బాగానే ఉంది. కింద ఫ్యూజు దగ్గర, తాళానికి కరెంటు తెచ్చే తీగకు ఆనిస్తే అక్కడా వెలిగింది. తాళం తిప్పి పట్టుకుని, సెల్ఫ్‌కు పోయే తీగకు ఆనించాను. వెలగలేదు. కరెంటు తాళం దాకా వస్తోంది, తాళం దాటి పోవడం లేదు. ఇన్నాళ్ళూ నేను కాపలా కాసింది బ్యాటరీ నట్టుకు!

మీటర్ల రేకు మరలు విప్పి ముందుకు లాగాను. నా చెయ్యి వెనక్కి వచ్చేసింది.

తాళం వెనక, రేకు కింది నుంచి చెయ్యి దూర్చి కట్టినట్టు, నల్లదారంతో నిమ్మకాయలు కట్టి ఉన్నాయి. కుంకుమ బొట్లు, మధ్యలో పచ్చిమిరపకాయలు. లోపలివి ఎండి నల్లబడ్డాయి, బయటిది తాజాది. బండి కుదుపులకు తీగల మరలు కాయల్లోకి దిగి, రసమంతా కారి, తాళం వెనక ఇత్తడి ముక్కలన్నీ పచ్చటి చిలుము పట్టిపోయాయి.

చేతబడి! వేరే ఆలోచనే రాలేదు నాకు. ఆ నిమ్మకాయల్ని దారంతో సహా తెంపి, చేత్తో పట్టుకుని ఎదురింటికి నడిచాను. తోటికోడలు వాకిట్లో అంట్లు తోముతోంది.

"ఏందిది?" అన్నాను. "నా బండికి ఏం జేసినవ్?"

ఆమె చేతులు కడుక్కుని లేచి నిలబడింది. అబద్ధం చెప్పలేదు.

"దిష్టికి కట్టిన అక్కా. నిమ్మకాయలు, మిరపకాయలు. గంతే."

"దిష్టికి కట్టేదైతే బండి ముంగట కడతరు. లోపల దాచిపెట్టి కడతరా ఎవరన్న?"

"ముంగట కడితే నువ్వు తెంపి పారేస్తవ్. మందు పెట్టిన్రని లొల్లి చేస్తవ్. తాళం తిప్పినప్పుడే గద బండికి తక్లీఫ్, అందుకే తాళం కాడనే కట్టిన. అది మొండికేస్తున్న కొద్ది ఇంకోటి కట్టుకుంట వచ్చిన, ప్రతి శనివారం."

"బండి నాది. నడిస్తే నాకు, ఆగితే నాకు. నీకెందుకు గంత పరేషాన్?"

ఆమె నా మొహంలోకి చూసింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"బండి నడిస్తే నువ్వు మా దిక్కు గట్ల సూసుడు బంద్ చేస్తవని అక్కా" అంది.

నేను ఎలా చూస్తున్నానో నాకెప్పుడూ తెలియదు. ఎవరి కళ్ళు వాళ్ళకు కనబడవు కదా. ముందు కోపమే వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. చేతిలో నిమ్మకాయల రసం వేళ్ళ మధ్య చల్లగా జిగురుగా ఉంది.

"నీ భక్తి తగలెయ్య," అన్నాను చివరికి, "ఇటు రా."

షెడ్డులోకి తీసుకుపోయి చిలుము చూపించాను. అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, నేనే ఖరాబ్ చేసిన్నా?" అంది. బ్యాటరీ తీగ విప్పి, గరుకు కాగితంతో ఇత్తడి ముక్కల్ని రుద్దుతూ కూర్చున్నాను. ఆమె మా ఇంట్లోంచి వంటసోడా, తడిగుడ్డ తెచ్చి పక్కన కూర్చుంది. తుడిచినకొద్దీ పచ్చదనం పోయి పసుపు రంగు బయటపడింది. తీగలన్నీ తిరిగి బిగించి, ఆమె చెయ్యి పట్టుకుని సీటు మీదికి ఎక్కించాను. ఇన్నేళ్ళలో ఆమె ఆ బండి ఎక్కింది లేదు.

"తిప్పు" అన్నాను.

"నేనా? నాకు భయం."

"తిప్పవే."

తిప్పింది. బండి ఒక్కసారి ఊగి, నల్లటి పొగ వదిలి, షెడ్డు రేకులన్నీ అదిరేలా మోత మొదలుపెట్టింది. ఆమె స్టీరింగును రెండు చేతులా కావలించుకుని, కళ్ళు మూసుకుని, పడీపడీ నవ్వింది. నేను కిందనే నిలబడి ఆమెను చూశాను. ఈసారి ఎలా చూశానో ఆమెనే అడగాలి.

అప్పుడే మేస్త్రీ వచ్చాడు. చేతిలో దారం, సంచిలో సున్నం. వాకిలి మధ్యలో నిలబడి, ముగ్గు ఎక్కడ పొయ్యాలమ్మా, గోడ ఎక్కడ్నుంచి షురూ చెయ్యాలె అని గట్టిగా అడుగుతున్నాడు.

ఇంజను మోతలో వినబడనట్టు ఊరుకున్నాను. ఆయన మళ్ళీ అరిచాడు. నేను తోటికోడలికి యాక్సిలరేటర్ చూపించి, ఇంకాస్త పెంచమన్నాను.