బాగున్నప్పుడు వేసుకునే మాత్ర

నా చిన్నప్పుడు మా తాతకు ఆదోనిలో పత్తి వ్యాపారం ఉండేది. మార్కెట్ యార్డుకు నడిచే వెళ్లేవాడు. బడి లేని రోజుల్లో నన్నూ వెంట తీసుకుపోయేవాడు. ఒక ఏడు ఆ నడకలో ఆయన మధ్యమధ్య ఆగడం మొదలైంది. ఎవరి కోసమో చూస్తున్నట్టు నిలబడి, ఛాతీ మీద అరచెయ్యి వేసుకునేవాడు. ఇంట్లో చెప్పొద్దన్నాడు గానీ, నాకు భయమేసి మా అవ్వకు చెప్పేశాను.

అవ్వ ఆయన్ను డాక్టరు దగ్గరకు తీసుకెళ్లింది. గుండెకు రక్తం సరిగా అందడం లేదని డాక్టరు రెండు రకాల మాత్రలు ఇచ్చాడు. ఒకటి నొప్పి వచ్చినప్పుడు నాలుక కింద పెట్టుకునేది. రెండోది నొప్పి రాకుండా రోజూ మింగేది. మొదట్లో తల నొస్తుందనీ, దానికి భయపడి మానొద్దనీ గట్టిగా చెప్పాడు. అన్నట్టే కొన్నాళ్లు తల నొచ్చింది, తర్వాత సర్దుకుంది. తాత మళ్లీ ఆగకుండా నడిచాడు. అంత బాగైపోయేసరికి రోజువారీ మాత్ర మానేశాడు.

ఒక పొద్దున యార్డు గేటు దగ్గర చెమటలు పట్టి కూలబడిపోయాడు. జేబులోని మాత్ర నాలుక కింద పెట్టుకున్నాక నొప్పి నెమ్మదించింది. ఇంటికొచ్చి మా అవ్వతో వాదనకు దిగాడు.

“నాలిక కింద పెట్టుకుంటే పాయ కదా! బాగుండే మనిషికి దినామూ మాత్రలెందుకు?”

ఆ సాయంత్రం రోజూలాగే మా దొడ్లో పత్తి నింపిన బోరాల మీద పట్టలు కప్పడానికి హమాలీలు వస్తే, అవ్వ అడ్డం నిలబడింది.

“ఈ పొద్దు వద్దప్పా. మబ్బే లేదు.”

తాత లోపలి నుంచి ఉరికివచ్చాడు. “నీకేమన్నా తిక్కనా? వానొస్తే?”

“వచ్చినాక కప్పుదాములే.”

“తడిసినాక కప్పి ఏం లాభమే? సరుకంతా పాడై పోతాది!”

“మీ గుండె ఈ పత్తి కంటే అగ్గువనా?” అంది అవ్వ. గొంతు పెంచలేదు గానీ, ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

తాత హమాలీలకు కప్పమని సైగ చేసి, “రేపు డాక్టరు దగ్గరికి పోదాం పా” అన్నాడు. మర్నాడు డాక్టరు మందలించి, మళ్లీ మాత్ర మొదలుపెట్టించాడు. ఆ తర్వాత తాత దాన్ని ఎన్నడూ మానలేదు. నా పెళ్లిలో విందు పంక్తులన్నీ తిరిగి, తినండి తినండి అని అందరినీ బలవంతపెట్టింది ఆయనే.

ఇప్పుడు నేను ఎమ్మిగనూరులో ఉంటున్నాను. తాత జబ్బు నాకూ వచ్చింది, అదే రకం మాత్ర నాకూ రాశారు. డాక్టరు చెప్పిన వేళకు వేసుకుంటాను, సంతకు నడిచి వెళ్లి సంచి నిండా కూరగాయలు తెచ్చుకుంటాను. పక్కింటి కోడలు అప్పుడప్పుడూ అడుగుతుంది, “బాగానే ఉండావు కదవ్వా, ఇంకా ఆ మాత్రలెందుకు?” అని.

“ఏసుకుంటాండా కాబట్టే బాగుండాను తల్లీ” అంటాను.