అమ్మకు జత

పేదపిల్లలకు కాలేజీ చదువు ఉచితంగా ఇస్తే చాలదా అని ఇప్పటికీ నన్ను అడుగుతూ ఉంటారు. చాలా ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి నాకు తెలిసుంటుందని వాళ్ల నమ్మకం. వాదించే ఓపిక ఈమధ్య పోయింది. మా ఇంటి సంగతి చెప్పి ఊరుకుంటున్నాను.

మేం అనంతపురం చివర కూలీల గుడిసెల్లో ఉండేవాళ్లం. యాభైల చివర్లో వానలు వరసగా మొహం చాటేశాయి. వేరుశనగ వేసిన చోటే మాడిపోయింది. చేలల్లో పని లేక అందరం కరువు పనికి, అంటే చెరువు కట్టకు మట్టి మొయ్యడానికి పోయేవాళ్లం. మేస్త్రీ జతలకే గుంత కొలిచి ఇచ్చేవాడు. ఒకరు తవ్వాలి, ఒకరు తట్ట మొయ్యాలి. ఒంటిమనిషికి పని లేదు. ఆ ఎండాకాలమే నాయన దగ్గుతో పోయాడు. ఎస్సెస్సెల్సీ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న నేను అమ్మకు జతనయ్యాను.

తర్వాత కాలేజీలో సీటొచ్చింది. ఫీజు పూర్తిగా మాఫీ. అమ్మ ఆ మాట గుడిసె గుడిసెకూ తిరిగి చెప్పుకుంది. ఖర్చే లేనప్పుడు ఇంక అడ్డమేముందని అందరం అనుకున్నాం. జత సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు. నేను కాలేజీకి పోయిన మొదటిరోజే మేస్త్రీ అమ్మను వెనక్కి పంపేశాడు. ఎంత బతిమాలినా వినలేదట.

సాయంత్రం ఆ మాట విని చదువు మానేస్తానన్నాను. ఐదో తరగతి చదివే చెల్లెలు పొయ్యి ఊదుతూ అంది: "నువ్వు పో అన్నా. తట్ట నేను మోస్తా. నీ చదువు అయిపోయినంక నేను బడికి పోతాలే."

మా ఇంట్లో అసలు చదువు దానిదే. ఏ పద్యమైనా రెండుసార్లు వింటే చాలు, అప్పజెప్పేసేది. మర్నాటి నుంచి నాలుగేళ్లు అమ్మ తవ్వింది, అది మోసింది.

క్లాసులో కూర్చుంటే ఎండ ఎక్కేకొద్దీ నాకు కోపం వచ్చేది. ఎవరి మీద చూపించాలో తెలిసేది కాదు. ఫీజు మాఫీ చేయించిన ప్రిన్సిపాలు మంచివాడే. మా గుంత సంగతి ఆయనకెలా తెలుస్తుంది?

బి.ఏ. అయి ఉద్యోగం రాగానే, చెల్లెల్ని మళ్లీ చేర్చుకోమని బడి హెడ్మాస్టరును ఒప్పించి వచ్చాను. రేపటి నుంచి బడికి పోవాలని చెల్లెలికి చెప్పి, ఐదో తరగతి వాచకం చేతిలో పెట్టాను. మొదటి పేజీ తీసి చాలాసేపు చూసింది. పెదవులు కదిలాయి, ఆగిపోయాయి.

"అక్షరాలు తెలుస్తాండాయి అన్నా," అంది. "కలిపితే పోతాండాయి."

పుస్తకం నా ఒళ్లో పెట్టి, సంగటి చెయ్యడానికి లేచింది. నేను దాన్ని మళ్లీ తన ముందు పెట్టలేదు.