అన్న వెనుక ఎనిమిది వందల మీటర్లు

జనగామలో మా ఇంటికి దగ్గరలో ఒక కాలేజీ మైదానం ఉంది. రిటైరైన నాటినుంచి తెల్లవారుజామున అక్కడికి నడకకు పోవడం నాకు అలవాటు. కానిస్టేబుల్ ఉద్యోగాల కోసం ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు అక్కడ ఉరుకుతుంటారు. మొన్న మంచులో ఒక బక్కపిల్లవాడు మొదటి చుట్టులోనే అందరికంటే ముందు దూసుకుపోయి, రెండో చుట్టు సగంలో కడుపు పట్టుకుని కూలబడ్డాడు. చెవుల్లో పాటలు, చేతికి గడియారం, కాళ్లకు నాకు పేరు కూడా పలకరాని బూట్లు, ఎన్ని ఉంటే ఏం లాభం, బుద్ధి ఉండొద్దా అని పైకే అనేశాను. వాడికి వినపడలేదు, అదీ మంచిదే అయింది. ఇంటికొచ్చి చాయ్ ముందు పెట్టుకుని కూర్చున్నానే గాని, మనసు మాత్రం ఆ మంచులోంచి అట్లాగే వెనక్కి నడిచిపోయింది.

మాది గూడూరు. అరవైతొమ్మిది ఉద్యమం నాడు బడులు మూతపడితే నా ఈడు వాళ్లంతా ఏం చేశారో మీకు నేను చెప్పక్కర్లేదు. పెద్దపిల్లలు జై తెలంగాణ అంటూ ఊరేగింపులకు పోయారు, మాలాంటి చిన్నవాళ్లం పశువుల వెంట అడవి అంచుకు పోయాం. నేనూ, మా పెద్దబాపు కొడుకూ కలిసే పోయేవాళ్లం. అన్న నాకంటే రెండేళ్లు పెద్ద. పరీక్ష తప్పి ఒక ఏడు, టైఫాయిడుతో ఒక ఏడు పోగొట్టుకుని చివరికి నా తరగతిలోకే వచ్చి చేరాడు. తప్పిపోయిన దూడల వెంట ఉరికీ ఉరికీ మా ఇద్దరికీ పరుగు అబ్బింది. ఒకరు నేర్పింది కాదు.

మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. పొలం ఒడ్డు మీద పోతుంటే పెద్దవాడు ముందు, చిన్నవాడు వెనుక. పెద్దవాణ్ణి దాటి అడుగు ముందుకు వేస్తే మా అవ్వ ఊరుకునేది కాదు, పెద్దా చిన్నా లేదా అని ఊరంతా వినబడేటట్టు తిట్టేది. అందుకని పరుగులో కూడా నేను అన్న వెనుకనే ఉండేవాణ్ణి. ఓపిక మిగిలినా దాటేవాణ్ణి కాదు. దాటాలన్న ఊహే నాకు వచ్చేది కాదు.

మా డ్రిల్లు సారుది తొర్రూరు. కోపం ముక్కు మీదనే ఉండేది గాని, పరుగు అంటే ప్రాణం. నన్ను చూసి, ఏందిరా అన్నకు తోక లెక్క అని మొదట్లో వెక్కిరించాడు. తర్వాత ఒకనాడు ఏదో తట్టినట్టు మా ఇద్దరినీ కూర్చోబెట్టుకున్నాడు. పదో తరగతి చివరికొచ్చాం అప్పటికి. జనగామలో పోటీలున్నాయి, ఎనిమిది వందల మీటర్లలో మొదట వచ్చినవాడికి ఆటల హాస్టలులో సీటు, తిండీ బసా కాలేజీ చదువూ అన్నీ వాళ్లే చూసుకుంటారు అన్నాడు. అన్నకు ఆ మాటతో పని లేదు. ఇంటికి పెద్దకొడుకు కాబట్టి పదో తరగతి కాగానే నాగలి పట్టాలని పెద్దబాపు ఎప్పుడో తీర్మానించేశాడు. నా సంగతి మా బాపు ఒక్క ముక్కలో తేల్చాడు. సీటొస్తే చదువుకు, రాకుంటే కాటారం దగ్గర మా మేనమామ కొత్తగా కొన్న భూమిలో తుప్పలు కొట్టడానికి. నాకు చదువంటే ఎంత పిచ్చి అంటే, మర్నాడు తెల్లవారకముందే అన్నను లేపి పరుగుకు లాక్కుపోయాను.

పోటీకి వచ్చేవాళ్లు నాకంటే బలమైనవాళ్లని సారుకు తెలుసు. దాచలేదు కూడా. "బలంల వాళ్లకు నువ్వు సాటి రావు బిడ్డా. గాలి అన్న మీద పడనియ్యి, నువ్వు ఆయన ఎనక లోపలి గీత పట్టుకోని ఉండు. మలుపు కాడ బయటికి పోయెటోనికి దూరం పెరుగుతది. వాళ్లను గట్లనే తిరగనియ్యి. రెండో రౌండుల ఆఖరి మలుపు రాంగనే అన్నను దాటి ఉరుకు" అన్నాడు. అన్న తల ఊపాడు. నేనూ ఊపాను గాని, దాటడమనే మాట దగ్గర మా అవ్వ తిట్లే చెవిలో వినబడ్డాయి.

సారు వెంట రెండు బస్సులు మారి జనగామ చేరి, ఎవరో దూరపు చుట్టాలింట్లో దిగాం. అతిథులను ఉత్త కడుపుతో పంపితే వాళ్లకు నామోషీ కదా, పొద్దున్నే కోడికూర వండి కొసరి కొసరి వడ్డించారు. సారు కళ్లెర్రజేస్తున్నాడని వద్దన్నాను గాని, ఆ ఇంటి పెద్దమ్మ వింటేనా! అన్న నా విస్తరిలోని ముక్కలు కూడా గప్‌చుప్‌గా తన విస్తరిలో వేసుకుని తినేశాడు. మైదానానికి పోయేసరికి మంచు ఇంకా విడలేదు. సున్నపు గీతలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో కనబడలేదు. జనం గొంతులు వినబడుతున్నాయి, మనుషులు లేరు. ఆ తెల్లదనంలో చెప్పులు లేని మా కాళ్లు మాకే వింతగా తోచాయి.

ఉరికాం. అన్న మొదటి అడుగునుంచే ముందు. పట్నం నుంచి వచ్చిన ఇద్దరు బూట్లవాళ్లు ఆయన్ను దాటాలని ప్రతి మలుపులో బయటినుంచి ఎగబడుతున్నారు. ఆయన దాటనివ్వడం లేదు. వాళ్లు పెద్ద చుట్టు తిరుగుతున్నారు, నేను లోపల చల్లగా, గాలి తగలకుండా, కలలో ఉన్నట్టు అన్న వీపును చూస్తూ పోతున్నాను. అంతా సారు చెప్పినట్టే జరిగింది, ఆఖరి మలుపు దాకా. అక్కడ నాకు కాళ్లలో సత్తువ ఉంది, ఊపిరి ఉంది, కాని అడుగు ముందుకు పడదు. అన్న వేగం తగ్గుతోంది. నేనూ తగ్గుతున్నాను! బూట్లవాడు పక్కకు వచ్చేశాడు. కాటారం తుప్పలు కళ్ల ముందు కదిలాయి, అయినా ఆ వీపును దాటలేకపోయాను.

అన్న తల తిప్పలేదు. ఒక అడుగు కుడికి జరిగాడు. "ఏందిరా ఎనకనే ఉంటవు? పో! నేనే చెప్తున్న, పో!" అని అరిచాడు. పెద్దవాడి మాట కాదనడం కూడా మా ఇంట్లో లేదు. ఎట్లా పోయానో తెలియదు. గెలుపు గీత దగ్గర కట్టిన తాడు నా ఛాతీకే మొదట తగిలింది. అన్న నాలుగోవాడిగా వచ్చి, తిన్న కోడికూరంతా గట్టు పక్కన కక్కుకుని, నవ్వుతూ నా వీపు మీద ఒక్కటి చరిచాడు.

నేను చదివాను, సర్కారు కొలువు చేశాను, భూపాలపల్లి దాకా ఊళ్లు తిరిగాను. అన్న గూడూరులో నాగలి పట్టాడు. ఇన్నేళ్లలో ఆ పరుగు మాట మేం ఎత్తుకోలేదు. పోయిన ఎండాకాలం ఆయనింట్లో టీవీలో ఏవో పరుగుపందాలు వస్తుంటే, బీడీ వెలిగించుకుంటూ మామూలుగా అన్నాడు, "మొదటి రౌండు జర నిమ్మలంగ ఉరికితె ఆ రోజు నేనే ఫస్టొస్తుంటి." తెలుసన్నా అన్నాను. "వస్తె మాత్రం ఏముండె, నాగలెవలు పడుతుండె?" అని నవ్వేసి, ఎడ్లకు నీళ్లు పెట్టడానికి లేచిపోయాడు. నాకు దుఃఖం ఆగలేదు. టీవీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఇప్పటి పిల్లలు ఎవరి పరుగు వాళ్లే ఉరుకుతారు. ఒకడి సీటు కోసం ఇంకొకడు ఊపిరి పోగొట్టుకోనక్కర్లేదు, ఏ ఇంట్లోనూ పెద్దకొడుకు పుట్టగానే వాడి చేతికి నాగలి రాసిపెట్టడం లేదు. మంచిదే, ఎవరైనా ఒప్పుకోవలసిందే. కాని నేను నడకకు పోయే మైదానంలో మంచు కమ్మిన రోజు, నా కోసం కాకుండా తన కోసం ఉరికితే అన్న ఎట్లా ఉండేవాడో ఒక్కసారి చూడాలని నాకు ఎంతో ఆశ పుడుతుంది.