నవ్వితే రేటు పెరుగుతాది

గనుల డబ్బు ఎర్రదుమ్ముతో పాటే బళ్లారికి వచ్చిన రోజుల్లో, కూరెకుప్ప నుంచి లారీల ఆసామి ఒకాయన మా టీవీల అంగడికి వచ్చేవాడు. నచ్చిన వస్తువు ముందర నవ్వితే రేటు పెరుగుతుందని ఆయన నమ్మకం. నవ్వొస్తే తుండు కొన నోట్లో కుక్కుకునేవాడు.

ఒకరోజు పెద్ద టీవీకి బేరం. నేను దిగను, ఆయన ఎక్కడు. నవ్విస్తే దారికొస్తాడని పాత అమెరికా కార్టూను వేశాను. ఎలుకను కొట్టబోయిన పిల్లి సుత్తితో తన తోకనే కొట్టుకుంటుంది. వెంటనే అరవదు. ఏమీ కానట్టు మన వైపు కాసేపు చూస్తుంది. గొప్పంతా ఆ కాసేపులోనే ఉంది.

ఆయన కండ్లలో నీళ్లు తిరిగాయి. తుండు సగం నోట్లోకి పోయింది.

"బాగుండాది కదన్నా?" అన్నాను.

తుండు తీసి, "పిల్లి పర్వాలేదప్పా. టీవీకే ఎక్కువ చెప్తాండావు," అని మళ్లీ కుక్కుకున్నాడు.

ఆయనది అచ్చం అరవబోయే పిల్లి ముఖమే. అది చూసి నవ్వాపుకోలేక నేను గల్లాపెట్టె మీద వాలిపోయాను.

"నువ్వే నవ్వితివి. ఇంగ నా రేటే," అన్నాడు. నవ్వుతూ బేరమెట్లా ఆడేది? సరేనన్నాను.

"టీవీని పెట్టెలో కట్టే ముందర ఆ పిల్లిని ఇంకోసారి వెయ్యప్పా."

వేశాను. ఆయన నవ్విన నవ్వుకు పక్కంగళ్లవాళ్లు గిరాకీలను వదిలేసి వచ్చారు.