జిగురత్తయ్య గీసిన పేజీ

పిల్లల లైబ్రరీలో చిరిగిన పుస్తకాలు అతికించే ఆవిడని అందరూ జిగురత్తయ్య అనేవాళ్ళు. కళ్ళజోడు ముక్కు చివరికి జారినా పట్టించుకోకుండా, తెగిన కోతి తోకనీ ఊడిన రాక్షసుడి చెవినీ అతికిస్తూ, "కదలకురా, అయిపోయింది" అని బొమ్మలతోనే మాట్లాడేది. ఒకరోజు ఒకావిడ కూతుర్ని వెంటబెట్టుకొచ్చి, మళ్ళీ కొత్తగా అచ్చయిన రాక్షసుడి పుస్తకం తిరగేసి మొహం చిన్నబుచ్చుకుంది. "ఇందులో రాక్షసుడు ఏనుగుపిల్లకి గొడుగు పట్టే బొమ్మ లేదేంటండీ? చిన్నప్పుడు ఇక్కడి పాత పుస్తకంలోనే చూశాను. అమ్మ ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ రోజూ వచ్చి ఆ బొమ్మ ముందే కూర్చునేదాన్ని." జిగురత్తయ్య చేతిలో జిగురు కుంచె ఆగిపోయింది. అప్పట్లో ఆ పుస్తకంలో ఒక పేజీ పోతే, అందులో ఏముండేదో తెలియక, తనకు తోచిన బొమ్మ గీసి అతికించింది. ఎవరైనా తప్పుపడతారేమోనని ఇన్నేళ్ళూ నోరు విప్పలేదు. "అది నేను గీసిందమ్మా," అంది నెమ్మదిగా. ఆవిడ కళ్ళు తుడుచుకుని, "అయితే మా పాపకీ ఒకటి గీసిపెట్టండి అత్తయ్యా" అంది. జిగురత్తయ్య కుర్చీ మీది పుస్తకాలు దించి, పాపని పక్కన కూర్చోబెట్టుకుని, పెన్సిల్ దాని చేతికే ఇచ్చింది. "ముందు రాక్షసుడికి నవ్వు గీయి తల్లీ. తర్వాత కోరలెన్ని పెట్టినా ఎవరూ భయపడరు."